అమ్మకానికి పూసిన వాకిలి

"నా కనకాంబరాల మడి ఎవరు పీకినారు?"

సెల్వలక్ష్మి గొంతు వీధి మలుపు దాకా వినబడింది. చేతిలో బియ్యం కడిగిన నీళ్ళ గిన్నె అట్లాగే ఉంది. ఆ నీళ్ళు పోయాల్సిన చోట తిరగబడిన నల్లమట్టి తప్ప ఇంకేమీ లేదు. గోడవారగా సన్నటి మడి అది. నిన్న సాయంత్రం కూడా అందులో కొంగు నిండా పూలు కోసుకుంది.

దామోదరసామి వాకిట్లో నిలబడి పారకు అంటిన మట్టి గీకుతున్నాడు. పెళ్ళాం వైపు చూడలేదు.

"నేనే పీకితి. బ్రోకరు రామసుబ్బు చెప్పినాడు కదా, ముందర చూసేదానికి లక్షణంగా ఉండాలని. ఆదివారం ఇల్లు కొనే పార్టీ వస్తా ఉండాది."

"పార్టీ వస్తే నా పూలేం పాపం చేసినాయి?"

"ముదిరిపోయిన చెట్లు. మొదలంతా కట్టె. ఉషా చూసింది. ఇది తీసేస్తేనే ముందర వెడల్పుగా కనిపిస్తాది బావా, అనింది."

ఉషా. ఆ పేరు వినగానే సెల్వలక్ష్మి గిన్నెలోని నీళ్ళు ఆ నల్లమట్టి మీదే కుమ్మరించింది.

ఉషా ఆమె తోడికోడలు. విరుదునగర్లో ఉంటుంది. దామోదరసామి తమ్ముడు సతీష్‌కుమార్ భార్య. మొన్న ఊరికే చూసి పోదామని కోవిల్‌పట్టికి వచ్చింది. గేటు దగ్గర నిలబడి, నడుము మీద చెయ్యి పెట్టుకుని, ఇంటిని కింద నుంచి పైకి చూసి రెండు మాటలు అనేసి పోయింది. ఆ రెండు మాటలకే ఈయన పార పట్టాడు.

"ఉషా చెప్తే పీకేస్తారు. నాకొక మాట చెప్పాలని తోచలేదా?"

"చెప్తే పీకనిస్తావా?"

గిన్నె మెట్టు మీద పెట్టి సెల్వలక్ష్మి కూర్చుంది. గోడ పక్కన కుప్పగా పడి ఉన్న మొక్కలకు పూలు ఇంకా వాడలేదు.

ఇల్లు అమ్మాలన్నది అన్నదమ్ములిద్దరి మాట. కోవిల్‌పట్టిలో ఇన్నేళ్ళు కడలై మిఠాయికి, అంటే వేరుశనగ చిక్కీకి, పాకం పట్టిన చేతులకు ఇక ఓపిక లేదన్నాడు దామోదరసామి. విరుదునగర్ బజారులో తమ్ముడితో కలిసి పప్పుల కొట్టు పెడతానన్నాడు. ఉండడానికి తమ్ముడి ఇంటి మిద్దె మీద రెండు గదులున్నాయి. ఉన్న ఒక్క కూతురు కలైసెల్వి మదురైలో హాస్టల్లో చదువుతోంది. ఇద్దరికి ఇంత ఇల్లెందుకని అన్నదమ్ములే తేల్చేశారు. సెల్వలక్ష్మి సరేననలేదు, కాదనీ అనలేదు. ఆ ఇంట్లో ఆమె మాట్లాడకపోతే ఒప్పుకున్నట్టే లెక్క.

బ్రోకరు రామసుబ్బు తెచ్చిన మొదటి పార్టీ గేటు దాటి లోపలికి రాలేదు. రెండో పార్టీ చెప్పులు విడవకుండానే తిరిగిపోయింది. "ఇంటికి మొహం లేదు అన్నాచ్చీ," అన్నాడు రామసుబ్బు. "లోపలెంత బాగుంటే ఏమి? ముందర నాలుగు పూలచెట్లు పెట్టండి. ఆడవాళ్ళు గేటు దగ్గరే మనసు కట్టుకుంటారు."

మొహం లేదట. పెళ్ళయి వచ్చిన కొత్తలో ఇదే వాకిట్లో మల్లెపందిరి వేసుకుంటానని ఆమె అడిగింది. వేరుశనగ ఎక్కడ ఎండబోయాలి అన్నాడు మొగుడు. మరుసటేడు గులాబీ అంట్లు తెచ్చుకుంటే వాటి మీద బెల్లం మూటలు దించారు. అడిగి అడిగి, ఆఖరికి గోడవారన దొరికిన ఆ సన్నటి జాగాలో కనకాంబరాలు పెట్టుకుంది. ఇప్పుడు, ముక్కూ మొహం తెలియని వాళ్ళ కోసం, వాకిలంతా పూలు కావాలి.

"ఈ రోజు విరుదునగర్ పో," అన్నాడు దామోదరసామి పార గోడకు ఆనించి. "నర్సరీలో ఉషా చెట్లు ఎంచతాది. నువ్వు కూడా ఉండు. నీకు నచ్చినవి కూడా రెండు చూడు."

"నాకు నచ్చినవి కుప్పలో ఉండాయి," అంది సెల్వలక్ష్మి.

అన్నదే కానీ పోయింది. ప్రేమతో కాదు. తన వాకిట్లో ఉషా ఏం నాటబోతోందో తన కళ్ళతో చూడకపోతే ఆ పూటకు అన్నం దిగేట్టు లేదు.

*

విరుదునగర్ బస్టాండులో ఉషా స్కూటీ మీద వచ్చి నిలబడింది. నీలం చుడీదారు, చలువ కళ్ళద్దాలు. "ఎక్కండక్కా," అంది ఇంట్లో మాట్లాడే తెలుగులో. మరుక్షణం పక్కనున్న ఆటో అతన్ని దారి విడవమని అరవంలో గద్దించింది. ఆ రెండు పనులూ ఒకే ఊపిరిలో చేసింది. సెల్వలక్ష్మి ఆటో వాళ్ళతో ఎప్పుడూ గొంతు ఎత్తలేదు. మొగుడే మాట్లాడేవాడు.

నర్సరీ ఊరికి బయట, మదురై రోడ్డు మీద. దాని యజమానురాలు పొన్నుతాయి ఉషాను చూడగానే పని విడిచి ఎదురొచ్చింది. వాళ్ళిద్దరూ అరవంలో గలగలా మాట్లాడుకుంటుంటే సెల్వలక్ష్మి వెనకాల నడిచింది.

"ఇల్లు అమ్మేదానికి," అని ఉషా చెప్పింది. "లేతాకుపచ్చ గోడ. మూడు మెట్లు. కిటికీలు కిందకి ఉంటాయి కాబట్టి ఎత్తు చెట్టు వద్దు. మొగ్గ మీదుండేది కూడా వద్దు. ఆదివారానికి పూసి ఉండాలి."

మెట్లకు రెండు వైపులా తెల్ల చామంతి, పసుపు చామంతి. గేటుకు రెండు పక్కలా ఎర్ర నూరువరహాలు, గుండ్రంగా కత్తిరించినవి. గోడ పొడుగునా, అంటే కనకాంబరాల మడి ఉన్న చోట, గులాబీరంగు పెటూనియాలు. ఉషా వేలు చూపిస్తూ పోయింది. పొన్నుతాయి మనిషి తొట్లు పక్కకు తీస్తూ వచ్చాడు.

సెల్వలక్ష్మి ఒక పెటూనియాను వంచి వాసన చూసింది. ఏమీ లేదు.

"ఒక మల్లె అంటు పెడదాం," అంది. "గుమ్మం పక్కన. వచ్చేవాళ్ళకి వాసన తగిలితే బాగుంటాది."

"మల్లెకి ఇది కాలం కాదక్కా. ఉత్త ఆకులే ఉంటాయి. కొనే వాళ్ళు కంటితోనే కదా చూస్తారు?"

"పోనీ డిసెంబర్ పూలు. అవి పూస్తాయి కదా ఇప్పుడు."

"అవి పల్లెటూరి చెట్టు మాదిరి ఉంటాయి." ఉషా నవ్వింది. ఆ నవ్వులో చెడు లేదు. అందుకే సెల్వలక్ష్మికి ఇంకా మండింది. చెడు ఉంటే తిరిగి ఒక మాట అనొచ్చు. నిజం చెప్పాలంటే ఉషా ఎంచినవన్నీ అందంగా ఉన్నాయి. ఆ తెలుపు, ఆ పసుపు, ఆ లేతాకుపచ్చ గోడ ముందు ఎట్లా ఉంటాయో సెల్వలక్ష్మి కంటికి కట్టినట్టు కనిపించింది. అదే ఓర్చుకోలేకపోయింది.

పొన్నుతాయి అప్పుడు ఆమె వైపు తిరిగింది. "మీరు ఉషా అక్కకి ఏమవుతారు?"

"తోడికోడలు. పెద్దకోడల్ని."

"ఓ! అయితే ఆ పెద్దసారు మీ ఇంటాయనా?" పొన్నుతాయి మొహం విప్పారింది. "ఎంత మంచి మనిషమ్మా. బజారుకు వచ్చినప్పుడల్లా ఇట్లా వచ్చి పోతారు. పోయినసారి ఎరువు మూట ఆటోలో కూడా వెయ్యనివ్వలేదు. భుజాన పెట్టుకుని పోయారు."

సెల్వలక్ష్మి ఉషా వైపు తిరిగింది.

ఇంట్లో గ్యాస్ సిలిండరు జరపమంటే నడుం నొప్పి అనే మనిషి.

"ఆమా, నిజమే," అంది ఉషా, చామంతి ఆకు తిప్పి పురుగు ఉందేమోనని చూస్తూ. "మా ఇంట్లో గుంటలన్నీ బావే తవ్వినాడు. పందిరి కూడా బావే కట్టినాడు. మీ మరిదికి ఇట్లాంటివి చేతకావు కదా అక్కా."

*

మధ్యాహ్నం భోజనానికి ఉషా ఇంటికి పోయారు. గేటు మీద వెదురు పందిరి. దాని నిండా పసుపుపచ్చని గంటపూల తీగ. లోపలికి పోవాలంటే ఆ పూల కింద నుంచే పోవాలి. సెల్వలక్ష్మి తల వంచుకుని పోయింది. వెదురు కట్టిన తాళ్ళు చూసింది. మిఠాయి డబ్బాలకు వేసే ముడి. ఆ ముడి తమ ఇంట్లో దామోదరసామి ఒక్కడే వేస్తాడు.

ఉషా మిద్దె మీది గదులు చూపించింది. ఒక గది, చిన్న వంటిల్లు, ముందర కొంచెం ఖాళీ జాగా. అక్కడ కూడా తొట్లే. నిండా గులాబీలు.

"ఈ తొట్లు?" అంది సెల్వలక్ష్మి.

"ఎండ ఇక్కడ బాగా పడతాది. అందుకని పెట్టినా." ఉషా మాట అక్కడ ఆగింది. తీసేస్తాననలేదు, ఉంటాయనలేదు. కిటికీ రెక్క తెరిచి, మళ్ళీ మూసింది.

కొట్టు పని చూసుకుని సతీష్‌కుమార్ వచ్చాడు. వదినెను చూసి చిన్నపిల్లాడిలా సంబరపడ్డాడు. పీట లాక్కుని కూర్చుని, పులుసు కలుపుకుని ఒక ముద్ద తిన్నాడు.

"వదినె, మీరు ఎప్పుడు వస్తారో చెప్పండి. మీరొస్తే కానీ ఈ ఇంట్లో పులుసుకి రుచి రాదు."

"అట్లనొద్దు. బాగుండాది కదా," అంది సెల్వలక్ష్మి. కానీ పొద్దుటి నుంచి మండుతున్న గుండె మీద ఆ మాట చల్లగా పడింది. దాన్ని ఇంకొంచెం సేపు ఉంచుకోవాలనిపించింది. "చింతపండు కొంచెం ముందే నానబెట్టాల. అంతే," అని కూడా అంది.

ఉషా వడ్డిస్తూ ఉంది. గరిటె గిన్నెలో పెట్టి, నీళ్ళు తెస్తానని లోపలికి పోయింది. నీళ్ళ చెంబు పీట పక్కనే నిండుగా ఉంది.

*

లోడు ఆటోలో పూలు శనివారం దిగాయి. దామోదరసామి పంచె ఎగ్గట్టి తానే గుంటలు తవ్వాడు. చామంతి తొట్లు మెట్ల మీద పేర్చాడు. ఒకటి కొంచెం వంకరగా ఉందని తీసి మళ్ళీ పెట్టాడు. ఫోటో తీసి ఉషాకు పంపాడు. "ఎడమ పక్క తెలుపు, కుడి పక్క పసుపు పెట్టమంటా ఉంది," అని తిరగ పేర్చాడు.

సెల్వలక్ష్మి గుమ్మంలో నిలబడి చూసింది. ఎన్నేళ్ళకో ఆయన ఈల వేస్తున్నాడు.

"నడుం నొప్పి లేదా?"

"ఏమి?"

"విరుదునగర్లో గుంటలు తవ్వేటప్పుడు కూడా లేదా?"

ఈల ఆగింది. దామోదరసామి చేతులు కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి పోయాడు. ఆమె వెంటపోయింది.

"ఎన్నాళ్ళుగా పోతా ఉండారు? పప్పు బేరానికని చెప్పిపోయి అక్కడ పందిరి కడతా ఉండారు. నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పేదానికి ఏముండాది అందులో? ఆ పిల్ల అడిగింది. చేస్తి."

"నేను అడగలేదా?"

"నువ్వెప్పుడు అడిగితివి?"

సెల్వలక్ష్మి, మొగుడు అబద్ధం ఆడుతున్నాడేమోనని మొహం చూసింది. లేదు. నిజంగానే ఆయనకు గుర్తు లేదు. మల్లెపందిరి గుర్తు లేదు, గులాబీ అంట్లు గుర్తు లేవు.

"అడిగితి," అంది గొంతు తగ్గించి. "మీకు చెవిన పడలేదు. ఉషా అడిగితే పడింది."

"ఛీ. ఏం మాటలే అవి? తమ్ముడి పెళ్ళాం అది."

"నేనేమీ తప్పుగా అనలేదు. ఆమె చెప్తే వింటారు అంటున్నా. అంతే అంటున్నా."

"అక్కడ నేను చుట్టాన్ని. అడిగితే కాదనలేను. ఇక్కడ..." దామోదరసామి ఆగాడు. కుళాయి కట్టేశాడు. ఆ మాటకు మిగతా సగం ఎక్కడుందో ఆయనకే దొరకలేదు. తుండు భుజాన వేసుకుని వీధిలోకి వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి అన్నం పెట్టింది, తిన్నాడు.

*

ఆదివారం పొద్దున రామసుబ్బు ముందర నడుస్తూ పార్టీని తీసుకొచ్చాడు. మొగుడి పేరు కుమారవేల్. పెళ్ళాం ఇసక్కిసెల్వి, ఆసుపత్రిలో నర్సు. ఇద్దరికీ ముప్పై దాటి ఉండవు.

గేటు తీయగానే ఇసక్కిసెల్వి నిలబడిపోయింది.

"అయ్యో, ఎంత అందంగా ఉంది!" అంది అరవంలో.

చలికాలపు లేత ఎండ చామంతుల మీద పడుతోంది. గేటు పక్కల నూరువరహాలు ఎర్రగా గుత్తులు పోశాయి. ఇల్లు నిజంగానే వేరే ఇల్లులా ఉంది. సెల్వలక్ష్మికే, వీధిలో పోతూ చూస్తే ఈ ఇంట్లో ఎవరో అదృష్టవంతురాలు ఉంటోంది అనిపించేది.

రామసుబ్బు దామోదరసామికి కన్ను గీటాడు.

కుమారవేల్ గోడలు తట్టి చూశాడు. కప్పు చూశాడు. పెళ్ళాం మాత్రం వాకిలి వదల్లేదు. "ఇక్కడ ఊయల వేసుకుందామండీ," అంది. "పొద్దున డ్యూటీ నుంచి రాగానే ఇక్కడ కూర్చుని టీ తాగుతా."

"నీ ఇష్టం," అన్నాడు కుమారవేల్. "నీకు నచ్చితేనే నాకు నచ్చినట్టు. నువ్వు చెప్పు."

ఆ మాట సెల్వలక్ష్మి గుండెలో ముల్లులా దిగింది.

అంతసేపూ ఉషా మీదే అనుకుంది కోపమంతా. కాదు. ఈ పిల్ల మీద. పూలున్న వాకిలి, ఊయల, టీ గ్లాసు, నువ్వు చెప్పు అనే మొగుడు, అన్నీ ఒక్క పూటలో ఈ పిల్లకు దొరుకుతున్నాయి. తను వేరుశనగ తొక్కు ఊడ్చిన వాకిట్లోనే దొరుకుతున్నాయి.

ఇసక్కిసెల్వి వంగి ఒక పెటూనియాను వేలితో తాకింది. "అక్కా, ఇవన్నీ మీరు పెంచినవేనా? ఇల్లు మేం తీసుకుంటే ఈ చెట్లు ఇక్కడే ఉంచుతారా?"

దామోదరసామి ముందుకు వచ్చాడు. "ఉంచతామమ్మా. అన్నీ మీకే. మా తమ్ముడి పెళ్ళాం ఎంచింది. దానికి మంచి చెయ్యి..."

"ఇవి నిన్న వచ్చినాయి," అంది సెల్వలక్ష్మి.

అరవంలోనే చెప్పింది. నిదానంగా, ప్రతి మాటా విడివిడిగా.

"నిన్న ఆటోలో దిగినాయి. మీరు వస్తారని పెట్టినాం. ఎండలు ముదిరితే ఈ ఇంటి బోరు నీళ్ళు ఉప్పెక్కుతాయి. ఆ నీళ్ళకు ఈ పూలు ఒక్కటి కూడా బతకదు. తాగే నీళ్ళు మిగిల్చి పోస్తే బతుకుతాయి. బియ్యం కడిగిన నీళ్ళు, పప్పు కడిగిన నీళ్ళు పట్టి పెట్టుకోవాలి. నేను అట్లా ఒకే ఒక్క మడి బతికించుకుంటిని. దాన్ని కూడా మొన్న పీకేసినారు."

రామసుబ్బు దగ్గాడు. కుమారవేల్ పెళ్ళాం వైపు చూశాడు. ఇసక్కిసెల్వి పూవు మీద నుంచి చెయ్యి తీసి, సెల్వలక్ష్మి మొహంలోకి చాలాసేపు చూసింది.

"ఆలోచించి చెప్తాం సార్," అన్నాడు కుమారవేల్.

గేటు చప్పుడు అయింది. రామసుబ్బు వాళ్ళ వెనకే పరుగెత్తాడు.

దామోదరసామి తిడతాడనుకుంది. చెయ్యి ఎత్తినా ఎత్తుతాడనుకుంది. ఆయన మెట్టు మీద, రెండు చామంతి తొట్ల నడుమ కూర్చున్నాడు.

"చాలా?" అన్నాడు. "మనసు చల్లబడిందా?"

చల్లబడలేదు. అంతకుముందు మంట ఉండేది. ఇప్పుడు దాని చోట ఏదో బరువు పడింది.

"తమ్ముడూ నేనూ చిన్నప్పుడు ఒక కంచంలో తింటిమి," అన్నాడు దామోదరసామి, ఆమెతో కాదు, గేటుతో చెప్పినట్టు. "మళ్ళీ ఒక ఇంట్లో ఉందామనుకుంటి. అంతకన్నా పెద్ద ఆశ ఏమీ పెట్టుకోలేదు."

ఆ మధ్యాహ్నం ఆయన అన్నానికి రాలేదు. పిలవడానికి ఆమెకు నోరు రాలేదు.

*

సాయంత్రం దీపం పెట్టే వేళకు రామసుబ్బు ఫోను వచ్చింది. దామోదరసామి విసుగ్గా ఎత్తాడు. విన్నాడు. లేచి నిలబడ్డాడు. "ఏమి? ఇంకొక తూరి చెప్పు," అన్నాడు. ఫోను పెట్టి, పెళ్ళాం వైపు తిరిగాడు. ఆయన మొహంలో కోపం వెతికినా దొరకలేదు.

"తీసుకుంటారంట."

"ఎవరు?"

"వాళ్ళే. మొగుడు వద్దన్నాడంట, నీళ్ళ మాట విని. ఆ అమ్మాయి పట్టు పట్టిందంట. ఇన్ని ఇళ్ళు చూస్తిమి, లోటు ఉండాదని ఎవరూ నోరు తెరిచి చెప్పలేదు, ఆ అక్క ఒకతే చెప్పింది, ఆమె ఉన్న ఇల్లయితే నమ్మకంగా కొనొచ్చు అనిందంట. మంచినీళ్ళకి వేరే తొట్టి కట్టించుకుంటారంట." దామోదరసామి ఆమె దగ్గరికి వచ్చి, ఎన్నడూ లేనిది, భుజం మీద చెయ్యి వేశాడు. "పూలు కాదే, నువ్వు అమ్మితివి ఈ ఇల్లు!"

సెల్వలక్ష్మి స్తంభానికి ఆనుకుంది. చెడగొడదామనే చెప్పింది. ఆ సంగతి తనకు తెలుసు. ఈయనకు తెలియదు. చేతి వెచ్చదనం భుజం మీద ఉంది. ఎన్నేళ్ళుగానో కోరుకున్నదే. ఇవాళ దాన్ని దులుపుకోలేక, ఉంచుకోలేక నిలబడింది.

"ఉండు, ఉషాకి చెప్తా. పాపం, ఎంత కష్టపడింది."

మళ్ళీ ఉషా. కానీ ఈసారి ఆ పేరు మునుపటంత గుచ్చుకోలేదు. దామోదరసామి ఫోనులో గొంతెత్తి చెప్తున్నాడు. "కుదిరింది అమ్మా! మీ అక్క మాటతో కుదిరింది! ఇంక మేం వచ్చేదే..." అవతల నుంచి మాట రాలేదు కాబోలు, "హలో, హలో, ఉషా?" అన్నాడు. తర్వాత ఫోను చాపాడు. "నీకియ్యమంటా ఉంది."

సెల్వలక్ష్మి చెవి దగ్గర పెట్టుకుంది.

"అక్కా. పక్కన బావ ఉండాడా?"

"ఉండారు."

"అయితే మీరేం మాట్లాడొద్దు. వింటే చాలు." ఉషా గొంతు సన్నగా ఉంది. నర్సరీలో వేలు చూపించిన ఉషా గొంతులా లేదు. "మీరు రావద్దక్కా. బజారు పక్కన ఎక్కడైనా వేరే ఇల్లు చూసుకోండి. మా ఇంటికి మాత్రం రావద్దు. మీ కాళ్ళు పట్టుకుంటా."

సెల్వలక్ష్మి ఫోను రెండో చెవికి మార్చుకుంది.

"మీ మరిది రోజూ మీ పేరు చెప్పి అన్నం తింటాడు. పులుసు పెడితే వదినె పులుసు, దోసె పోస్తే వదినె దోసె. పెళ్ళయిన కాడి నుంచి ఆ మాట మింగతా ఉండా. చెట్లు ఒకటే అక్కా, మీకన్నా నాకు బాగా వచ్చేది. దాన్ని పట్టుకునే ఉండా. మీరు మిద్దె ఎక్కినారంటే ఈ ఇంట్లో నేను చుట్టమైపోతాను." అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడు. "బావ అడిగితే కాదనలేక పూలు ఎంచితి. ఆ ఇల్లు అమ్ముడు పోకూడదని మొక్కుకుంటానే ఎంచితి."

ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, సెల్వలక్ష్మి ఒంట్లో తియ్యగా ఏదో పాకింది. తనను చూసి ఉషా అసూయ పడుతోందట. ఆ పసుపు పూల పందిరి కింద నిలబడి, తన పులుసును చూసి!

ఆ తీపి నాలుక మీద ఉండగానే మిగతాది అర్థమైంది. ఈ ఇల్లు ఇక తనది కాదు. ఆ ఇల్లు తనది అయ్యేది కాదు. ఈ రెంటి నడుమ ఆయన నిలబడి ఉన్నాడు. పొద్దుట నుంచి అన్నం తినని మొహంతో, పిల్లాడిలా నవ్వుతూ, పెళ్ళాం నోటి వంక చూస్తూ.

"ఏమంటా ఉంది ఉషా?" అన్నాడు దామోదరసామి.

వాకిట్లో చామంతులు చీకట్లో కలిసిపోతున్నాయి. సెల్వలక్ష్మి ఆయన వైపు తిరిగింది.

"సంతోషమంట," అంది. "మనం ఎప్పుడు వస్తామా అని కాచుకొని ఉండాదంట."

ఫోను ఇంకా చెవికి ఆనే ఉంది. అవతల ఉషా పెట్టెయ్యలేదు.